కరువు కూలి నుంచి ఖాతా సొమ్ము దాకా

రెండేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో ఓ యువరచయిత్రి తన కథ చదివింది. కథ చిన్నది. మెట్ట ఊళ్లో ఒక ముసలామె. నెల మొదటి తారీఖున పింఛను వస్తుంది. అందులో కొంత ఆకువక్కల తిత్తిలో దాచుకుంటుంది. చెనిక్కాయ విత్తనాలకు డబ్బు చాలక కొడుకు తల పట్టుకుని కూర్చున్న రోజున తిత్తి విప్పి అతని ముందు పెడుతుంది. ఆ రాత్రి కోడలు ఆమెను "తిన్నావా అత్తా" అని అడుగుతుంది. అంతే కథ.

చర్చలో ఒక సీనియర్ విమర్శకుడు లేచాడు. "ఇది ప్రభుత్వ పథకానికి ప్రచారం. భూమి పంచాల్సినవాళ్లు డబ్బులు పంచుతున్నారు. ఆ మోసాన్ని చెప్పకుండా తిత్తిలోని నోట్ల గురించి రాయడం అభ్యుదయ దృక్పథం ఎలా అవుతుంది?" అన్నాడు. సభలో చాలామంది తలూపారు. నేనూ ఊపాను. ఆ అమ్మాయి మాత్రం, "నేను మోసం గురించి రాయలేదు సార్, మా జేజి గురించి రాశాను" అని కూర్చుంది.

తలూపినందుకు నాకు ఆ తర్వాత చాలా రోజులు మనసు బాగాలేదు. విమర్శకుడి మాట పూర్తిగా తప్పని కాదు. కానీ పేదవాడి చేతికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడమనేది నిన్నమొన్నటి విషయం కాదు. దానికి తెలుగు నేలమీద నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా దాన్ని బిచ్చమనీ చెప్పలేం, హక్కు అనీ చెప్పలేం. ఈ వ్యాసం ఆ తలూపుడుకు నేను ఇచ్చుకుంటున్న సంజాయిషీ.

మా వైపు పాతకాలపు ముసలివాళ్లు కాలాన్ని కరువులతో కొలిచేవాళ్లు. వాటిలో పెద్దది ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన కరువు అది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. లక్షలాది మంది చనిపోయారు. దేశంలో ధాన్యం లేక కాదు. ధాన్యం ధర కూలివాడికి అందనంత ఎత్తుకు పోయింది కనుక. రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆ ఏళ్లలోనూ సాగింది.

ఆ కరువులో సర్కారు సహాయం రెండు దారుల్లో నడిచింది. ఒళ్లు వంచగలవాళ్లకు కరువు పనులు: రోడ్లు, చెరువుకట్టలు, కాలువలు. మద్రాసు, కోస్తా తెలుగు జిల్లాల రేవులను కలిపిన బకింగ్‌హాం కాలువలో ఒక భాగం 1877-78లో ఆ కూలీల చేతుల మీదుగానే తవ్వబడింది. ఆ కాలువ అందాన్ని వర్ణించినవాళ్లలో దాన్ని ఎవరు, ఏ కూలికి తవ్వారో అడిగినవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు. రెండో దారి, లేవలేనివాళ్లకు ఊళ్లోనే గ్రామాధికారుల ద్వారా ఇచ్చే ధర్మం. అది చాలాచోట్ల నగదు రూపంలోనే ఉండేది. అంటే నగదు బదిలీ అని ఇవాళ మనం అంటున్నదాని ముత్తాత ఆ కరువులోనే పుట్టాడు.

ఆ కూలిరేటు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. అంతకు మూడేళ్ల ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి ఉదారంగా ఖర్చు పెట్టాడు. అక్కడ చావులు చాలా తక్కువ. అయితే దానికి ఆయనకు దక్కింది మెప్పు కాదు, దుబారా చేశావన్న నింద. ఆ నింద కడుక్కోవాలన్న తొందరతో మద్రాసుకు వచ్చిన టెంపుల్, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దాని మీద ఒక అణా చాలునన్నాడు. అంతకు ముందున్న లెక్కలో ధాన్యం పౌనున్నర. ఒక్క కలంపోటుతో మూడో వంతు పోయింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పౌను గింజలతో గడ్డపార పట్టే మనిషి బతకడని అంకెలతో వాదించాడు. బొంబాయి వైపు కూలీలు పనులు వదిలేసి సమ్మె చేశారు, పూనా సార్వజనిక సభ వాళ్ల పక్షాన నిలిచింది. కొన్ని నెలల తర్వాత మద్రాసు ప్రభుత్వం రేటును కొంత పెంచింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఈ వివాదంలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఇంత ఇవ్వాలని తేల్చడానికి సర్కారు వేసుకున్న ప్రశ్న, మనిషి బతకడానికి ఎంత కావాలన్నది కాదు, చావకుండా ఉండడానికి తక్కువలో తక్కువ ఎంత చాలునన్నది. 1880లో స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, 1883లో కరువు నిబంధనావళి వచ్చింది. సహాయం చేయడం ప్రభుత్వ బాధ్యత అన్న మాట కాగితం మీదికి ఎక్కింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ పాత ప్రశ్న కూడా దాని వెంటే ఎక్కింది. పథకాల పేర్లు ఎన్ని మారినా ఆ ప్రశ్న మన సచివాలయాల్లో ఇంకా సజీవంగానే ఉందని నా అనుమానం.

నగదుకు ఇంకో గుణం ఉంది. గింజ గింజగానే ఉంటుంది, అణా మాత్రం బజారును బట్టి కుంచించుకుపోతుంది. అందుకే మన పల్లెల్లో కూలివాడు చాలాకాలం నగదును నమ్మలేదు. కోతకాలంలో కూలి కల్లంలో కొలవాల్సిందే. ధర పెరిగిన ఏడు రైతు డబ్బులిస్తానంటాడు, కూలివాడు గింజలే కావాలంటాడు. ధర పడిన ఏడు రైతే గింజలు కొలుస్తానంటాడు. ఈ గుంజులాట మన గ్రామీణ వర్గపోరాటానికి అన్నిటికంటే పాత రూపం. 1922లో అచ్చయి ప్రభుత్వ నిషేధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'లో కూలీల పక్షాన నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోతాడు. తెలుగు నవల తొలినాళ్లలోనే కూలి లెక్క ప్రాణాంతకమైన విషయమని ఉన్నవ గ్రహించాడు. ఆ తర్వాత వచ్చిన మన కథల్లో పేదవాడి ఇంట్లోకి నగదు వచ్చిందంటే అది అప్పుగానే వచ్చింది, పోతూ పోతూ గొడ్డునో గట్టునో వెంటబెట్టుకుని పోయింది. ఎవరికీ బాకీ పడకుండా డబ్బు గుమ్మం దాటి లోపలికి రావడమనే ఘటన మన వాస్తవికతావాద కథకు అలవాటు లేదు. ఆ అమ్మాయి కథ విన్నప్పుడు మాకు కలిగిన ఇబ్బందిలో సగం ఇదేనని ఇప్పుడు తోస్తోంది.

స్వాతంత్ర్యం తర్వాత పింఛను అనే మాట ఉద్యోగుల ఇళ్ల నుంచి కూలీల ఇళ్లకు దిగడానికి చాలా కాలం పట్టింది. మా చిన్నమ్మకు మొదటిసారి వితంతు పింఛను వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. ఊరికి ఇన్ని అని లెక్క. కొత్తవాళ్లకు రావాలంటే ఉన్నవాళ్లలో ఒకరు పోవాలి. ఊళ్లో ఎవరైనా ముసలామె మంచం పట్టిందంటే ఆమె ఆరోగ్యం గురించి కొన్ని ఇళ్లలో కలిగే ఆసక్తి వేరుగా ఉండేది. మా చిన్నమ్మ పింఛను అలా ఒకరి చావుతోనే వచ్చింది. డబ్బు చేతిలో పెట్టే మనిషి దానిలోంచి కొంత తీసుకునేవాడు. దాన్ని ఎవరూ లంచమనేవాళ్లు కాదు, "తెచ్చిచ్చినందుకు" అనేవాళ్లు. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది గానీ కరణం చేతివాటం మాత్రం కొత్త చేతులు వెతుక్కుంది.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయలు. 2006-07 నాటికి దాన్ని 200 చేసింది. ఎనభై దాటినవాళ్లకు తర్వాత 500 అయింది. ఎనభైలోపు వాళ్లకు కేంద్రం వాటా 2025 దాకా ఆ 200 రూపాయలే. ఈలోపు కందిపప్పు ధర ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. టెంపుల్ ఒక్క ఉత్తర్వుతో పౌనున్నరను పౌను చేశాడు, తిట్లు తిన్నాడు. ఇప్పుడు ఉత్తర్వు అవసరం లేదు. అంకెను కదపకుండా ఊరుకుంటే చాలు, బజారే కోసేస్తుంది. ఎవరినీ తిట్టడానికి కూడా ఉండదు.

రాష్ట్రాల్లో కథ వేరుగా నడిచింది. దానికి కారణం ఓట్లు. ఓట్ల కోసం చేశారని మనవాళ్లు చప్పరించేస్తారు గానీ, పేదవాడి ఓటుకు అంత భయపడటం కూడా చరిత్రలో తేలిగ్గా వచ్చింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో 200 అయిన పింఛను, రాష్ట్రం విడిపోయాక 2014 చివరలో రెండు రాష్ట్రాల్లోనూ 1000 అయింది. తెలంగాణలో దాని పేరు ఆసరా, 2019 నుంచి 2016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరిలో 2000, అదే ఏడు జూలైలో 2250, మెట్లు మెట్లుగా 2024 జనవరికి 3000, ఆ జూలైకి 4000. మెట్ట ప్రాంతపు కూలి ఇంట్లో ఈ అంకె ఏమిటో దూరం నుంచి అర్థం కాదు. పని దొరకని నెలలో ఇంటికి వచ్చే రూఢి సొమ్ము అదొక్కటే. ముసలామెకు బీపీ మాత్రలు, మనవడికి బిస్కెట్ పొట్లం, కిరాణా కొట్టులో పాత బాకీ మీద కొంత. ఆ కొంత కట్టడం వల్లనే నెల నడుమ ఉప్పూపప్పూ మళ్లీ అరువు దొరుకుతుంది. పింఛను చేసే పెద్ద పని అరువును నిలబెట్టడమేనని నా అనుభవం. మా చిన్నమ్మను కొట్టాయన ఊరికే "చిన్నమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది పింఛను 1000 అయిన తర్వాతే. అంతకుముందు ఆమెకు ఆ కొట్లో పేరు లేదు.

దీన్ని చూసి ఆత్మగౌరవం వచ్చేసిందని మురిసిపోను. ఒక ఇంట్లో ఆదరణ పెరిగితే ఇంకో ఇంట్లో ఆ డబ్బు కోసమే ముసలమ్మ వంతులు తేలాయి. పెద్దకొడుకు ఇంట్లో ఆరు నెలలు, చిన్నకొడుకు ఇంట్లో ఆరు నెలలు, పింఛను ఎవరి నెలలో వాళ్లది. నగదు బంధాలను కలిపిన చోటే లెక్కలనూ తెచ్చిపెట్టింది. ఈ రెండూ ఒకే కథలో పట్టే రచయిత కావాలి.

కూలి దానం కాదు, పింఛను కూలి కాదు. అయినా రెంటినీ కలిపి చూడక తప్పదు, ఎందుకంటే రెండూ ఒకే బాటన, ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. కరువు పనులకు పేరుపడ్డ జిల్లాలో అది మొదలవడం యాదృచ్ఛికం కాదు. తేడా ఏమిటంటే ధాత కరువులో పని సర్కారు దయ, ఇక్కడ చట్టం ప్రకారం అడిగి తీసుకోవలసినది. ఆ కూలి, పింఛను రెండూ వేలిముద్ర ఆధారంగా స్మార్ట్ కార్డుతో ఊళ్లోనే ఇచ్చే పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. 2010-12 మధ్య 157 మండలాల్లో దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు పెద్దఎత్తున పరిశీలించారు. కొన్ని మండలాల్లో ముందు, కొన్నిటిలో తర్వాత అమలు చేయించి పోల్చారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. ఇంతవరకూ ఊహించగలిగిందే.

ఊహించనిది ఆ తర్వాత తేలింది. పథకం బాగా నడిచిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఉపాధి పని కూలి నుంచి రాలేదు, రైతుల దగ్గర చేసే మామూలు కూలిరేటు పెరగడం వల్ల వచ్చింది. దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి. సర్కారు డబ్బు నమ్మకంగా వస్తుందన్న ధీమా ఉంటే కూలివాడు తెల్లవారి రైతు ఇంటి ముందు నిలబడి బేరం ఆడగలడు. కాదంటే ఇంకో దారి ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ రోజుల్లో ఏ ఊరికి వెళ్లినా భూమి ఉన్నవాళ్ల నోట ఒకే మాట: "కూలీలు సోమరులైపోయారు, పనికి రమ్మంటే రావడం లేదు." ఆ మాటను మన రచయితల్లోనే కొందరు నిజమని నమ్మి రాశారు. సోమరితనం అని వాళ్లు పేరు పెట్టింది బేరమాడే శక్తికి.

ఇదే సందర్భంలో మధ్యప్రదేశ్‌లో జరిగిన ఒక ప్రయత్నం చెప్పాలి. 2011-12లో సేవా సంస్థ అక్కడి కొన్ని గ్రామాల్లో ఎలాంటి షరతూ లేకుండా మనిషికింత అని నెలనెలా డబ్బు ఇచ్చి చూసింది. పెద్దవాళ్లకు మొదట 200, తర్వాత 300. పిల్లలకు అందులో సగం, తల్లి చేతికి. ఏడాది గడిచాక చూస్తే జనం తాగి పడిపోలేదు, పని మానలేదు. మేకలో కోళ్లో కొన్నారు, సొంత చెలకలో ఎక్కువ రోజులు పని చేసుకున్నారు, కొంత అప్పు తీర్చారు, పిల్లల తిండి మెరుగైంది. పేదవాడికి డబ్బిస్తే తాగేస్తాడన్నది డబ్బున్నవాళ్ల జానపద విజ్ఞానం. అది ఎంత పాతదంటే, కరువు ధర్మం వల్ల జనం చెడిపోతారని టెంపుల్ కాలంలో తెల్లదొరలూ అన్నారు.

ఇక్కడిదాకా నేను ఆ విమర్శకుడికి ఎదురు వాదించినట్టే ఉంటుంది. ఇప్పుడు ఆయన పక్షాన మాట్లాడవలసిన చోటు వచ్చింది.

2018 మే 10న తెలంగాణ ప్రభుత్వం హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు ప్రారంభించింది. ఎకరాకు పంటకు 4000 రూపాయలు, 2019 వానాకాలం నుంచి 5000. మొదటిసారి చెక్కుల రూపంలో, తర్వాత నేరుగా ఖాతాల్లోకి. ఆ ఏటి బడ్జెట్లో 12,000 కోట్లు, దాదాపు 58 లక్షల మంది పట్టాదార్లు. విత్తే వేళకు ముందే డబ్బు చేతికొచ్చిందంటే చిన్నరైతు అడ్తీదారు ముందు చేయి చాచే అవసరం కొంత తగ్గింది. పాలమూరులో నేను పాఠాలు చెప్పిన ఏళ్లలో ఎరువుల కొట్టు వాళ్ల ఉద్దెర ఖాతా పుస్తకాలు చూసినవాణ్ణి కనుక దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

అయితే ఇది మనిషికి ఇచ్చిన డబ్బు కాదు, ఎకరాకు ఇచ్చిన డబ్బు. ఏడాదికి ఎకరాకు పదివేలంటే, ఒక ఎకరం ఉన్నవాడికి పదివేలు, ఇరవై ఎకరాలున్నవాడికి రెండు లక్షలు, ఏమీ లేనివాడికి ఏమీ లేదు. పై పరిమితి లేదు. కౌలుదారుకు లేదు. దానికి ముందు 2017లో జరిగిన భూరికార్డుల ప్రక్షాళనలో సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు గడి కొత్త పుస్తకాల నుంచి మాయమైంది. ఆ గడి చరిత్ర తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో వచ్చిన 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే మనిషిని కాగితం మీద నిలబెట్టింది. దున్నేవాడి పేరు సర్కారు దస్త్రంలో ఉండాలన్నది నెత్తురు ధారపోసి సాధించుకున్న విషయం. ఆ గడిని తీసేయడానికి తూటా పేల్చనక్కర్లేకపోయింది. కొత్త నమూనా అచ్చు వేస్తే సరిపోయింది.

ఆ రోజుల్లో ఒక కౌలురైతు నాతో అన్న మాట: "పట్టా ఆయన పేరు మీదుంది సార్. పైసలు ఆయనకే వడ్తయి. ఆయన పట్నంల ఉంటడు, నేను బురదల ఉంట. ఫోన్ల టింగుమంటదంట." తర్వాతి ఏడు అతని కౌలు కూడా పెరిగింది. భూమికి డబ్బు వస్తుందని తేలాక భూమి ఖరీదు పెరిగినట్టే కౌలు కూడా పెరుగుతుంది. దున్నని చేతికి రెండు వైపుల నుంచీ రాబడి. ధాత కరువులో సర్కారు ధర్మం కరణం ఇంటి అరుగు మీద ఆగింది. ఇప్పుడు అరుగు లేదు, కరణం లేడు, పైసా మధ్యలో కారలేదు, లెక్క నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్న ఆ లెక్కలోనే దున్నేవాడు లేడు. అవినీతి లేని అన్యాయాన్ని ఎలా రాయాలో మనకింకా చేతకాలేదు. మన కథల్లో దుర్మార్గుడికి ఒక ముఖం ఉండాలి, లంచం తినాలి, మీసం దువ్వాలి.

కేంద్రం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం కిసాన్ ఏడాదికి 6000 రూపాయలు కూడా భూమి ఉన్న కుటుంబానికే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వచ్చిన రైతు భరోసా కొన్ని వర్గాల కౌలుదార్లను చేర్చుకుంది. కానీ సాగుదారు కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలని చట్టంలోనే ఉంది. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. ఆ భయానికి 1950 చట్టమంత వయసుంది. తెలంగాణలో 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో ఎకరాకు ఏడాదికి 12,000 చొప్పున రైతు భరోసా వచ్చినప్పుడు, భూమిలేని కూలి కుటుంబాలకు కూడా ఏడాదికి 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రకటించారు. ఎకరాకు ఎంతో కుటుంబానికి అంత. అయినా భూమిలేని ఇంటిని ఒక లెక్కగా గుర్తించడం అదే మొదటిసారి కనుక దాన్ని నమోదు చేస్తున్నాను. దానికి అర్హత ఉపాధి హామీ పనికి వెళ్లిన రోజుల లెక్క. అంటే భూమి ఉన్నవాడు ఉన్నందుకే పొందితే, లేనివాడు ఒళ్లు వంచినట్టు రుజువు చూపాలి.

డబ్బు ఎంత అన్నదెంతో, డబ్బు ఎలా నడిచి వస్తుందన్నదీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చారు. 2024 ఎన్నికల సమయంలో వాళ్లచేత పంచరాదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు సచివాలయాల ముందు బారులు తీరారు. మే నెలలో డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేశారు. ప్రపంచమంతటా నిపుణులు ఖాతాలో వేయడమే ఉత్తమ మార్గమంటున్నారు. మంచం దిగలేని మనిషికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాంకు ఉత్తమ మార్గం ఎలా అవుతుందో నేను ఆ మే నెలలో చూశాను. మా చిన్నమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది నేనే. యంత్రం మీద వేలు పెడితే ఎర్రదీపం. తుడిచి పెట్టినా ఎర్రదీపమే. "ఒరే నాయనా, చెనిక్కాయలు వొలిచి వొలిచి నా ఏలు అరిగిపోయిండాది, నేను నేనే అని దానికి ఎట్ల జెప్పాల" అంది. చివరికి వేలు పట్టింది. ఖాతాలో చూస్తే, ఎప్పుడో గుంపులో తీసుకున్న అప్పు తాలూకు వాయిదా కోసుకుని మిగిలింది ఇచ్చారు. ఆ బ్యాంకు పేరు ఎందుకులెండి, అది ఏ బ్యాంకైనా కావచ్చు. చేతికి వచ్చిన డబ్బు ముందు ఎవరి బాకీ తీర్చాలో ఆమె నిర్ణయించుకుంటుంది. ఖాతాలోకి వచ్చిన డబ్బు విషయంలో ఆ నిర్ణయం ఆమె చేతిలో లేదు. జూలై 1న సచివాలయ ఉద్యోగులే ఇంటికి వచ్చి పాత బకాయి కలిపి 7000 చేతిలో పెట్టినప్పుడు ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుంది. రాష్ట్రంలో దాదాపు 65 లక్షల మంది ఆ పింఛను అందుకునేవాళ్లు. వాళ్లలో ఎంతమంది లెక్కపెట్టుకుని ఉంటారోనని నాకు ఆ పొద్దంతా అదే ఆలోచన.

ఇప్పుడు ఆ కథ దగ్గరికి తిరిగి వస్తాను. కథ విని, దానిలో భూమి ప్రశ్న లేదని మేము తప్పుబట్టాం. నిజానికి ఉంది. కొడుకు విత్తనాలకు డబ్బు చాలక ఎందుకు కూర్చున్నాడు? పింఛను వచ్చే ఇంట్లో రైతు సాయం ఎందుకు రాలేదు? అతడు దున్నేది ఎవరి చేను? కథలో ఒక్క వాక్యం ఉంది, మేమెవరం పట్టించుకోలేదు: "కౌలు కట్టను పోగా మిగిలింది ఇదే." ఆ అమ్మాయి మోసం గురించి రాయలేదంటే మేము నమ్మాం. ఆమె రాసింది మా చూపుకు ఆనలేదంతే.

కిందటి నెల ఆమెకు ఉత్తరం రాసి, ఆ కథ ఎక్కడైనా అచ్చయిందా అని అడిగాను. ఇంకా ఎక్కడికీ పంపలేదట. పాఠశాల నుంచి వెళ్లాక చివర ఒక పేజీ కలిపి, ముసలామె చేత ప్రభుత్వాన్ని విమర్శించే నాలుగు మాటలు చెప్పించిందట, మేమన్నామని. ఆ పేజీ తీసేసి పాత ప్రతి పంపమని మళ్లీ రాశాను. జవాబు ఇంకా రాలేదు.